తెరుచుకోని చేయి

2006వ సంవత్సరం. వైట్‌ఫీల్డ్ వైపు ఒక ట్రస్టు ఆస్పత్రిలో, స్ట్రోక్ వార్డులో నేను ఆయాని. స్ట్రోక్ అంటే మనం పక్షవాతం అంటామే, అదే. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఒక పక్క కాలూ చేయీ పడిపోతాయి. కొందరికి మాట కూడా పోతుంది. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ అప్పటికే మా ఆస్పత్రికి వచ్చింది. మనిషి పడిపోయిన మూడు గంటల లోపల వేయాలి. ఆలస్యమైతే మేలు తగ్గి ప్రమాదం పెరుగుతుంది, తలలో రక్తం కారవచ్చు. అందుకే మా వార్డులో మొదట అడిగేది పేరు కాదు, ఊరు కాదు. ఎప్పుడు పడిపోయారు అని.

నా పని పక్కలు మార్చడం, ఒళ్ళు తుడవడం, తినిపించడం. ఎవరూ అప్పగించని పని ఇంకొకటి నా నెత్తిన పడింది. డాక్టరుగారిది మైసూరు, తెలుగు రాదు. మన వాళ్ళు వస్తే ఆయన కన్నడంలో చెప్పింది నేను తెలుగులో చెప్పాలి. నలభై దాటాక అక్షరాలు దిద్దిన మనిషిని. సున్నితంగా మాట్లాడడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. ఉన్నది చెప్పేస్తాను.

చెన్నమ్మను ఒక మధ్యాహ్నం టెంపోలో వేసుకొచ్చారు. కదిరి వైపు మనిషి. హూడి దగ్గర కట్టడం పనివాళ్ళకు సంగటి మెస్సు నడిపేది. తెచ్చిన వాళ్ళు కూడా ఆ పనివాళ్ళే, చేతుల సిమెంటు కూడా కడుక్కోలేదు. ఎప్పుడు పడిపోయిందని అడిగితే ఒకడు ముందుకొచ్చాడు.

"సైట్లో తిండి గంట కొట్టినారక్కా. మొదటి వరసలో నేనే కూచున్యా. నాకు పప్పు ఏస్తా ఉండింది. గరిటె జారి నేను తినే తట్టలో పడింది. ఏందక్కా ఇది అని తలెత్తి చూస్తే మూతి వంకర పోయుండాది."

గంట కొట్టిన సమయం సైటుకు ఫోను చేసి కనుక్కున్నారు. టైము ఇంకా ఉంది. తలకు సీటీ స్కాన్ తీశారు, రక్తం కారిన గుర్తు లేదు. ఇక ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. మొగుడు ఓబులేసు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"మందు వేస్తే గడ్డ కరగచ్చు. రక్తం కారి ప్రాణం పోనూ వచ్చు. వేయకపోతే ఇట్లే మంచం మీద ఉండిపోవచ్చు. ఏదో ఒకటి చెప్పు" అన్నాను.

"ఇంత మొరటుగా చెప్తావేందక్కా?"

"మెత్తగా చెప్పేంత టైము లేదప్పా."

అతను పెళ్ళాం వైపు చూశాడు. ఆమెకు నోరు పెగల్లేదు. కుడి పక్క మొత్తం పడిపోయింది. ఎడమ చేయి లేపి సూది వైపు చూపించింది. ఓబులేసు తలూపాడు.

మా వార్డులో ప్రతి రోగికీ ఒక స్కోర్ వేసేవాళ్ళు. చూపు, మూతి, మాట, చేయి, కాలు, ఒక్కోదానికి ఇన్ని మార్కులని. బడికి ఇది తలకిందులు. మార్కులు ఎక్కువ ఉంటే మనిషి అంత పడిపోయినట్టు. ఇంజెక్షన్ వేశాక ఒక రోజులో స్కోర్ ఎంత దిగిందో చూసి, ఈ మనిషి ఎంతవరకు కోలుకుంటుందో డాక్టరు అంచనా కట్టేవారు.

మరునాటికి చెన్నమ్మ స్కోర్ బాగా దిగింది. కాలు లేపింది. మాట ముద్దగానే అయినా వచ్చింది. నోరు రాగానే మొగుణ్ణి అడిగిన మొదటి మాట: "ఈ పొద్దు ఎసురు ఎవురు పెట్టినారు?"

"ఎవురూ పెట్టలే."

"ఇంగ నా పక్కన కూచోని ఏం చేస్తాండావు?"

డాక్టరుగారు నవ్వి, మూడు నెలలకు నడుస్తుంది, మాట్లాడుతుంది, స్నానం, బట్ట, తిండి ఒకరి సాయం లేకుండా చూసుకుంటుందని అన్నారు. నేను తెలుగులో చెప్పాను. ఆమె అంతా విని, "వడ్డిస్తానా?" అంది.

ఆ మాట ఆయనకు చేరవేశాను. ఆయన నవ్వు ఆపి, ఆమె కుడి చేయి తన చేతిలోకి తీసుకుని వేళ్ళు తెరవమన్నారు. ఒక్క వేలూ కదల్లేదు.

"చేతి సంగతి ఇప్పుడే చెప్పలేను. పిడికిలి మూయడం ముందు వస్తుంది, దాన్ని చూసి సంబరపడకండి. తెరవడం రావాలి. ఈ నాలుగు రోజుల్లో వేళ్ళు కొంచెమైనా విచ్చుకుంటే ఆశ ఉంటుంది."

అప్పటినుంచి నాకు కుదురు లేకుండా పోయింది. ఎందరి చేతులో చూశాను, ఈ చేయే కంట్లో పడింది. వేరే మంచం దగ్గర దుప్పటి మారుస్తున్నా కన్ను ఆ వేళ్ళ మీదే ఉండేది. పొద్దున నేను వార్డులోకి రాగానే ఆమె చేయి చాపేది.

"రత్నక్కా, ఈ పొద్దు చూడు."

"లేదు."

"బాగా చూడు మేయ్."

"బాగానే చూసినా. లేదు."

కొన్నాళ్ళకు ఆ చేయి మూసుకోవడం మొదలుపెట్టింది. ఓబులేసుకు పండగ. రబ్బరు బంతి కొనుక్కొచ్చి పెళ్ళాం గుప్పిట్లో పెట్టాడు. నొక్కు, నొక్కు అని పొద్దస్తమానం అదే పని. పనివాళ్ళు చూడ్డానికొచ్చి ఒక్కొక్కడూ తన వేలు ఆ పిడికిట్లో పెట్టి, "అబ్బా, ఇరిచేస్తా ఉండాదప్పా!" అని అరిచేవాళ్ళు. చేయి కసరత్తు చేయించే ఫిజియో అమ్మాయి వచ్చి ఒకటే మండిపడింది. ముడుచుకునే చేతిని ఇంకా ముడవడం నేర్పుతున్నారు అని. బంతి తీసి దాచాను. నిమ్మకాయ తెచ్చాడు. నిమ్మకాయ లాక్కున్నాను. చివరికి తన బొటనవేలే పెట్టి నొక్కించాడు.

"నీ వేలు కూడా లాక్కోవాల్నా?" అన్నాను.

"బలం వస్తాందక్కా!"

"బలం కాదప్పా కావాల్సింది. ఇడిచిపెట్టడం రావాల."

వేళ్ళు తెరుచుకోకుండానే ఇంటికి పోయారు.

మూడు నెలలకు చూపించుకోవడానికి వచ్చింది. తలుపు దగ్గర్నుంచి తనే నడిచొచ్చింది. మాట శుభ్రంగా ఉంది. భుజం లేస్తోంది, మోచేయి వంగుతోంది. పిడికిలి మాత్రం అట్లే. డాక్టరుగారు సంతోషపడ్డారు. తను అనుకున్నంతా అయింది, చెప్పలేనన్నది మిగిలిపోయింది.

చెన్నమ్మ నన్నడిగింది. "ఆయన లెక్కలో నేను పాసా?"

"పాసే."

"నా మెస్సు మూతబడి ఉండాది కదమ్మే. ఇంగ దేంట్లో పాసు?"

అది కూడా ఉన్నదున్నట్టు కన్నడంలో చెప్పాను. ఎడమ చేత్తో అలవాటు చేసుకుంటే అని మొదలుపెట్టి, ఆయనే ఆగిపోయారు. ఆయనా ఆకులో తిన్న మనిషే. ఎడమ చేత్తో వడ్డిస్తే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేనైతే ఆగలేదు. వరండాలోకి తీసుకుపోయి గట్టిగానే అన్నాను. "ఎడమ చేత్తోనే పెట్టు. ఆకలైనోడికి కుడేంది, ఎడమేంది?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీకు పెడితే తింటావా?"

ఎదుటివాళ్ళ మీద పడే నోరు నాది. ఆ పూట పక్కలు మార్చే పని ఉందని వార్డు వైపు తిరిగాను. ఓబులేసు వచ్చి పిలిస్తే వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ మాట నన్ను వదల్లేదు. రోగులకు నోట్లో ముద్ద పెడుతుంటే గుర్తొచ్చేది. నేను కంచం ముందు కూర్చున్నా గుర్తొచ్చేది. చివరికి ఒక సెలవు రోజున బస్సెక్కి హూడి పోయాను. మెస్సు మూసి ఉన్నా సరే, ఇంట్లో ఎడమ చేత్తో గంజి పోసినా తాగి రావాలని నిశ్చయించుకున్నాను.

మెస్సు తెరిచే ఉంది. పనివాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఓబులేసు సంగటి ముద్దలు వేస్తున్నాడు, ఒకటి గుమ్మడికాయంత, ఒకటి నిమ్మకాయంత. అతని వెనక చెన్నమ్మ. ఎడమ చంకలో పప్పు బకెట్టు. కుడి పిడికిట్లో గరిటె.

దగ్గరికి పోయి, "వేళ్ళు తెరుచుకున్నాయా మేయ్?" అన్నాను.

"తెరుచుకుంటే గరిటె పడిపోదా?"

గరిటె వంచడానికి మణికట్టు తిరగదు. భుజం లేపి, నడుం వంచి, ఒళ్ళంతా ఒక పక్కకు ఒరిగితే పప్పు పళ్ళెంలో పడేది. కొంచెం పక్కన కూడా పడేది.

"అక్కా, నా అంగీకి గూడా పెట్టినావే!" అన్నాడొకడు.

"దానికీ ఆకలైంటాదిలే, తిననీ."

నాకూ పళ్ళెం ఇచ్చారు. కుడి చేత్తోనే వడ్డించింది. తిన్నాను.

అందరూ లేచాక ఓబులేసు చెంబుతో వేణ్ణీళ్ళు తెచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె చేయి చాపింది. పిడికిలి మీద నీళ్ళు పోసి, ఫిజియో అమ్మాయి నేర్పినట్టు మణికట్టు కిందికి వంచి, చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలూ విప్పాడు. గరిటె బయటికి తీశాడు. పొద్దున పెట్టేదీ అతనే, ఇప్పుడు తీసేదీ అతనే. బంతి పెట్టిన చేతులే అవి. తీసీ తీయగానే వేళ్ళు మళ్ళీ మూసుకున్నాయి.

నేను మజ్జిగ అడిగాను. అడిగాకే చూశాను, గరిటె లేదు. ఆమె ఓబులేసు వైపు చూసింది. అతను చెంబు పట్టుకుని లోపలికి పోతున్నాడు. నేను గ్లాసు చాపాను.

"పొయ్యి మేయ్" అన్నాను.

ఎడమ చేత్తో పోసింది. తాగాను.

వార్డు లెక్కలో చూస్తే ఆమె ఆ రోజు పాసు కాదేమో. ఒకరి సాయం లేనిదే పని మొదలుకాదు, ముగియదు. సాయం అక్కర్లేదని పాసైనప్పుడు మెస్సు మూసుకుని ఇంట్లో ఊరికే కూర్చుంది. ఈ రెంటిలో ఏది కోలుకోవడమో తేల్చేంత చదువు నాకు లేదు.

ఒకటి మాత్రం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఎవరు "బాగవుతాదా" అని అడిగినా నేను ముందు ఎదురు అడిగేదాన్ని, ఈ చేత్తో ఏం చేసేవాళ్ళని. ఒకరు పూలు కట్టేదాన్నంటారు, ఒకరు ఆటో తోలేవాణ్ణంటారు. ఆ జవాబు డాక్టరుగారికి చెప్పి, అప్పుడు ఆయన అంచనా అడిగేదాన్ని. చాలాసార్లు ఆయన చెప్పలేనన్నారు. అదీ ఉన్నదున్నట్టే చెప్పాను. చెప్పి నా పనికి పోయేదాన్ని. కన్ను మాత్రం ఆ వేళ్ళ మీదే ఉండేది.