నానబెట్టిన ఇటుకలు

నీళ్లలో తేలే ఇటుకను మా నాన్న జన్మలో చూడలేదట. అందుకని పట్టుబట్టి ముంచేశాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మేం కుమ్మరులం. ప్రత్తిపాడు దగ్గర ఊరు. నాన్న యాభై ఏళ్లపాటు పత్తికంపతో కుండల ఆవం కాల్చాడు. ఆ పొగంతా ఆయన గుండెల్లోకే పోయింది. గుంటూరు డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక పొగ దగ్గరికి వెళ్తే మనిషి దక్కడని తెగేసి చెప్పాడు. ఆ రోజు నుంచి నాన్న కుండలు చేసే సారె ముట్టలేదు. "కాల్చని కుండ దేనికే, వానకి కరిగిపోడానికా?" అని అరుగు మీద కూర్చుండిపోయాడు. తిండి సగమైంది, మాట కరువైంది. ఆ చేతులు ఒళ్లో ఊరికే పడి ఉండటం చూడలేకే, పొగ లేని కరెంటు ఆవం కట్టిద్దామనుకున్నాను. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది.

ఇటుకలకి ఒంగోలు వెళ్తూ నాన్నని వెంటబెట్టుకెళ్లడం నేను చేసిన మొదటి తప్పు. కొట్టాయన రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పొయ్యికి కట్టే బరువు ఇటుక. రెండోది నాకు కావలసింది. తెల్లగా, తేలిగ్గా ఉంటుంది, లోపలంతా సన్న రంధ్రాలు. వాటిలో నిలిచిన గాలే వేడిని బయటికి పోనివ్వదు. మెత్తనిది కాబట్టి కరెంటు తీగ చుట్టలు కూర్చోడానికి గాడి కోసుకోవచ్చు.

నాన్న బరువు ఇటుకలు రెండింటిని ఒకదానితో ఒకటి కొట్టాడు. ఖంగుమన్నాయి. తెల్లవి కొట్టాడు. చప్పుడే లేదు. గోరుతో గీస్తే పొడి రాలింది.

"ఇది ఇటుకా, రస్కా?" అన్నాడు.

"నాన్నా, బరువుది వేడినంతా తనే తాగేస్తుంది. ఇదైతే లోపలే ఆపుతుంది."

"తాతకి దగ్గులు నేర్పకే," అని నిజంగానే దగ్గుకుంటూ వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

కొట్టాయన ఊరుకున్నాడా? "పోనీ ఇరవయ్యారో నంబరు తీసుకోండి మేడమ్, ఇంకా ఎక్కువ వేడికి ఆగుద్ది," అని మొదలుపెట్టాడు. మా ఎర్రమట్టికి అంత వేడి అక్కర్లేదు బాబూ, ఇరవై మూడు చాలు, అది ఇంకా తేలికని నెత్తీ నోరూ మొత్తుకుని, నూట ఇరవై ఇటుకలు లారీకి వేయించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఇంటికొచ్చాక ఊరంతా పరీక్షాధికారులే. దారినపోయే ప్రతి ఒక్కరూ లోపలికొచ్చి, ఒక ఇటుక చేత్తో ఎగరేసి చూసి, "అయ్యో టీచరమ్మా, ఎవడో నిన్ను నిలువునా ముంచాడు," అనేవాళ్లే. నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఎవరికి కావాలి నా సైన్సు!

మేస్త్రి వచ్చే రోజు, నేను బడి నుంచి వచ్చేదాకా ఏమీ ముట్టుకోవద్దని నాన్నకి వెయ్యిసార్లు చెప్పి వెళ్లాను. సాయంత్రం వచ్చి చూస్తే వాకిట్లో ఇటుకలు లేవు.

"ఇటుకలేవి?"

"నానుతున్నాయి," అన్నాడు నాన్న, దొడ్లోంచి.

"నానబెట్టకుండా ఇటుక పేర్చం కదండీ," అన్నాడు మేస్త్రి. "ఇయ్యేమో తేలిపోతన్నాయి. పెద్దాయనే ఉపాయం చెప్పాడు."

ఉపాయం చూశాను. పశువుల తొట్టిలో నూట ఇరవై ఇటుకలు, వాటి మీద చెక్క, చెక్క మీద రుబ్బురోలు పొత్రం. అదీ చాలదన్నట్టు రెండు చేతులతో చెక్కని అదుముతూ మా నాన్న. ఓరి దేవుడా! ఆ రంధ్రాలన్నీ నీళ్లు తాగేశాయి. తడి మీద కాలిస్తే లోపల ఆవిరి పుట్టి ఇటుక పగులుతుంది.

"ఏడాదిగా పుల్ల తీసి అవతల పెట్టనివాడివి, ఇవాళే నడుం కట్టాలా?" అని అరిచేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాన్న చేతులు పంచెకి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

తెల్లారి లేచేసరికి, మిరపకాయలు ఎండబోసే పట్టా మీద ఇటుకలు వరసగా పరిచి ఉన్నాయి. నాన్న ఒక్కోటి తిరగేస్తున్నాడు. తిరగేసే ముందు చెంపకి ఆనించుకుంటున్నాడు. పచ్చికుండలో తడి చూసే పద్ధతి అది. సాయంత్రం మంచు పడకముందే పట్టా కప్పాడు.

"ఏం బాబాయ్, ఈ ఏడు ఇటుకలు పండించావా?" అని పక్కింటాయన పరాచికాలాడితే, "పండాయి, కాటాకి పోవడమే ఆలస్యం," అన్నాడు. నాన్న నోట ఎకసెక్కం విని ఎన్నాళ్లయిందో!

రెండు వారాలకి నాకు ఓపిక పోయింది. "ఆరిపోయాయి నాన్నా, మేస్త్రిని పిలుస్తా," అన్నాను. "ఇంకా చల్లగా ఉన్నాయే," అన్నాడు. చెంపతో చెప్పే లెక్క నాకు ఎక్కలేదు. ఆయన ఒక ఇటుక తెచ్చి నా ముందే రంపంతో రెండుగా కోశాడు. నడిమధ్యన తడి మచ్చ. మేస్త్రిని పిలవకుండానే బడికి వెళ్లాను.

ఆ వారంలోనే ఒక రోజు ఇంటికొచ్చేసరికి సారె తిరుగుతోంది. "ఇటుకల కాడ ఊరికే కూర్చుంటే ఏం తోస్తదే?" అన్నాడు తలెత్తకుండా.

నెలకి ఇటుకలు ఆరాయి. ఇనుప చట్రంలో పేర్పించి, ఒక ఆదివారం పొద్దున నాన్న చేసిన మూకుళ్లు, కూజాలు లోపల పెట్టి స్విచ్ వేశాం. మధ్యాహ్నానికి కంతలోంచి చూస్తే లోపల ఎర్రగా ఉంది. నాన్న పక్కనే స్టూలు మీద కూర్చుని, ఆవం గోడకి అరచెయ్యి ఆనించాడు. గోరువెచ్చగా ఉందంతే. పొద్దుట్నుంచీ ఒక్కసారి కూడా దగ్గలేదు.

నా బుద్ధి ఊరుకోదు కదా. "ఆ ఇటుకలు ముంచకపోతే ఇది నెల కిందటే కాలేది," అన్నాను.

నాన్న చెయ్యి తియ్యలేదు.

"ముంచకపోతే ఈ నెలంతా నేనేం చేసేవాణ్ణే?" అన్నాడు.