చిన్నత్త కదలని కాలు

నా చిన్నప్పుడు నౌపడలో మా ఇంటి ఆడవాళ్లంతా ఉప్పు మడుల్లో పనికి పోయేవారు. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చి కాళ్లు కడుక్కునేసరికి మా నాయనమ్మ ఆముదం గిన్నెతో అరుగు మీద కూర్చుని ఉండేది. నెలసరి వచ్చినవాళ్ల కాలు ఒళ్లో పెట్టుకుని, లోపలి చీలమండకు నాలుగు వేళ్ల పైన బొటనవేలితో నొక్కేది. అక్కడ ఎంత నొప్పి పుడితే కడుపులో అంత తిరకాసు ఉన్నట్టని ఆమె నమ్మకం. కొందరికి ఆ నొక్కుడుతో ప్రాణం తెరిపిన పడేది. అది వైద్యమో, ఒక మనిషి కాలు పట్టుకున్నదన్న సుఖమో నాకు ఇప్పటికీ తెలియదు.

అయితే నొక్కేటప్పుడు అరవకూడదు. కొంగు పళ్ల మధ్య బిగించి కూర్చున్నవాళ్లకే మంచి పేరు. అరిచిన పిల్లను ఏడాది పొడుగునా ఆట పట్టించేవారు. "ఓర్సినమ్మకి తేటనీరు" అని నాయనమ్మే అనేది. నొప్పి చూసి రోగం కనిపెట్టాలనుకునే మనిషి నొప్పి దాచుకోమని నేర్పడమేమిటని మాలో ఒక్కరికీ తట్టలేదు. తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

నాయనమ్మ ఆఖరి కూతురు, మా చిన్నత్త, ఓర్పులో అందరినీ మించింది. ఒక ఎండాకాలం ఆమె మొహం పాలిపోయింది. నాయనమ్మకు అనుమానం వచ్చి ఒక సాయంత్రం గట్టిగానే నొక్కింది.

"నొప్పెడతందేటే?"

"నేదే అమ్మా. ఏటీ నేదు."

అత్త కాలు కదల్లేదు. నాయనమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "సూడండే, ఆడదంటే అదీ" అని మాకు చూపించింది.

ఆ వారంలోనే అత్త ఉప్పు తట్టతో మడి గట్టు మీద కూలబడింది. చీరంతా రక్తం. శ్రీకాకుళం ఆసుపత్రిలో గర్భసంచిలో గడ్డ ఉందన్నారు, నెలల తరబడి రక్తం పోయిందన్నారు, ముందే తెస్తే బతికేదన్నారు. అత్త ఇంటికి తిరిగి రాలేదు.

నాయనమ్మ ఆ తర్వాత ఎవరి కాలూ పట్టుకోలేదు. నేను పెద్దమనిషినయ్యాక ఒక నెల కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే మాత్రం వచ్చి నా కాలు ఒళ్లోకి తీసుకుంది. నేను అలవాటుగా ఓణీ చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఆమె దాన్ని లాగేసింది.

"అరువే. ఊరంతా ఇనిపించీలాగ అరువు. నా కూతురు అరవనేదు."

అరిచాను. అరుస్తూ ఏడ్చాను, ఆమె కూడా ఏడ్చింది. మర్నాడే నన్ను డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లింది.

మొన్న మా మనవరాలు నెలసరి నొప్పికి సూదుల వైద్యం చేయించుకుంటానంటే శ్రీకాకుళం తోడు వెళ్లాను. అక్కడి అమ్మాయి సరిగ్గా ఆ చోటే వేలు పెట్టి, నొప్పిగా ఉందా అని అడిగింది. "ఏం లేదండీ" అని మనవరాలు నవ్వింది. దాని చెయ్యి మాత్రం కుర్చీ అంచును వదలడం లేదు. ఆ చేతిని విడదీసి నా చేతిలోకి తీసుకున్నాను.

"నిజం సెప్పమ్మా. మనింట్లో ఓర్సినమ్మకి తేటనీరు దొరకనేదు."

అప్పుడు ఏడ్చింది. ఎన్నాళ్లుగా ఓర్చుకుంటోందో అంతా చెప్పింది. సూదులు తర్వాత చూద్దామని, అటు నుంచి అటే స్కానింగుకి తీసుకెళ్లాను. నన్ను చాదస్తపు ముసలిదంటారు, అననీ. ఆడపిల్ల ఎవరైనా ఏమీ లేదంటే నాకు ఈనాటికీ చిన్నత్త కదలని కాలే కనబడుతుంది.