నా పేరు మీద ఉన్న నంబరు

ఆడపిల్లకు ఇంటిపేరు ఒక్కసారే మారుతుంది. నేను పనిచేసిన ఫోను కంపెనీకి నా కళ్ళ ముందే రెండుసార్లు మారింది. మొదట అదొక చిన్న కంపెనీ. కొన్నాళ్ళకు దాన్ని ఇంకో కంపెనీ కొనేసింది. ఆ కొన్న కంపెనీ తర్వాత తనకంటే పెద్దదానిలో కలిసిపోయింది. మారినప్పుడల్లా మాకు కొత్త రంగు చొక్కా ఇచ్చి, విజయవాడలో ఏదో ఒక హోటల్లో బిర్యానీ పెట్టి, మైకు పట్టుకుని "మనమంతా ఒకే కుటుంబం" అనేవారు. నేను రెండుసార్లూ చప్పట్లు కొట్టాను. బిర్యానీ బాగానే ఉండేది.

ఆ చిన్న కంపెనీ ఇచ్చిన మొదటి చొక్కా రోజుల్లో నా ఉద్యోగం హనుమాన్ జంక్షన్‌లో, రోడ్డు పక్కన కంపెనీ గొడుగు కింద. ఒక బల్ల, రెండు కుర్చీలు, సిమ్ముల కట్ట. పొద్దున్నే కంకిపాడు నుంచి రెండు బస్సులు మారి వచ్చేదాన్ని. నెలాఖరు వస్తే చాలు, టార్గెట్ అంటూ మా సారు ఫోను మీద ఫోను. అప్పట్లో మా అందరికీ ఒక పాడు అలవాటు ఉండేది. వచ్చిన మనిషి దగ్గర ఫోటో లేకపోయినా, కార్డు లేకపోయినా వెనక్కి పంపేవాళ్ళం కాదు. మా సొంత కార్డు జిరాక్సు పెట్టి సిమ్ము ఆన్ చేసేసేవాళ్ళం. రేపు ఆయన కాగితాలు తెస్తే మార్చవచ్చనుకునేవాళ్ళం. ఆ రేపు ఎవరికీ వచ్చేది కాదు.

అలా నా పేరు మీద సిమ్ము తీసుకున్నవాళ్ళలో మాస్టారు ఒకరు. మా గొడుగుకు నాలుగంగల్లో ఆయన టైలరింగ్ షాపు. జాకెట్లు కుట్టడంలో చేయి తిరిగిన ముస్లిం పెద్దాయన. జంక్షన్‌లో అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవారు. నాలా కాదు, ఆయనది మాట మీద నిలబడే మనస్తత్వం. మర్నాడే రెండు ఫోటోలూ, రేషన్ కార్డు జిరాక్సూ తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను వాటిని హ్యాండ్‌బ్యాగులో పెట్టాను. బ్యాగు మారింది, చొక్కా మారింది, ఆ కాగితాలు ఏమయ్యాయో నాకు తెలీదు.

ఆయనకు ఒక్కతే కూతురు. పెళ్ళాం పోయాక చంకన వేసుకుని పెంచిన పిల్ల. డిగ్రీ చదువుతూ వేరే మతం అబ్బాయిని చేసుకుని వెళ్ళిపోయింది. మాస్టారు కోపంలో "నా గడప తొక్కొద్దు, నా ముందు నోరు తెరవొద్దు" అన్నారట. ఆ పిల్లది కూడా తండ్రి పోలికే. గడప తొక్కలేదు, నోరు తెరవలేదు. ఎక్కడుందో కూడా చెప్పలేదు. కానీ ఏటా రంజాన్ పండగ పొద్దున ఏదో కొత్త నంబరు నుంచి ఆయనకు ఫోను వచ్చేది.

"ఎత్తుతానమ్మా. అటు మాట ఉండదు. ఇటు నేనూ మాట్లాడను. కాసేపుండి పెట్టేస్తుంది," అని ఒకసారి నా బల్ల దగ్గర కూర్చుని చెప్పారు.

"మీరే పలకరించొచ్చుగా మాస్టారూ?"

"పలకరిస్తే ఏడుస్తుందమ్మా. ఏడిస్తే నేనాగలేను."

మా సిగ్నల్ సంగతి దేవుడికే ఎరుక. ఆయన షాపు లోపల అసలు అందేది కాదు. ఫోను మోగితే మెడలో టేపుతో రోడ్డు మీదికి పరిగెత్తేవారు. వేరే కంపెనీకి మారిపొమ్మని నేనే చెప్పాను, చేస్తున్నది ఈ కంపెనీ ఉద్యోగమైనా. ఆయన వినలేదు. నంబరు అదే ఉంటుందని ఎంత చెప్పినా నమ్మలేదు. "మధ్యలో ఏదన్నా తేడా జరిగితే? పిల్లకు నోటికొచ్చింది ఈ ఒక్క నంబరేనమ్మా," అన్నారు.

రెండో చొక్కాతో పాటు నన్ను విజయవాడ గవర్నర్‌పేట షోరూముకు మార్చారు. ఏసీ, తిరిగే కుర్చీ, మెడలో కార్డు. నేను కూడా కాస్త మారాను. రోడ్డు మీద గొడుగులు కనిపిస్తే పెద్ద ఆఫీసరులా చూసేదాన్ని. అక్కడుండగానే కంపెనీ మళ్ళీ కలిసిపోయింది. పాత కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. ఒకరి పేరు మీద తొమ్మిదికి మించి నంబర్లు ఉండకూడదు కదా, నా పేరు మీద బోలెడు తేలాయి. మీవి ఉంచుకుని మిగతావి తీసేయండని నాకు మెసేజ్ వచ్చింది.

ఒక మధ్యాహ్నం టిఫిన్ బాక్సు పక్కన పెట్టుకుని ఆ జాబితా తెరిచాను. వట్టి అంకెలే, ఎవరి పేర్లూ లేవు. నాది, మా ఆయనది, అమ్మది, తమ్ముడిది ఉంచాను. మిగతా వాటి పక్కన "ఇది నాది కాదు" అని నొక్కుకుంటూ పోయాను. పప్పు ముద్ద నోట్లో పెట్టుకుంటూ నొక్కాను. పాత తప్పులన్నీ ఒక్క పూటలో శుభ్రం చేసుకున్నానని సంతోషపడ్డాను కూడా.

రెండు వారాలకు మాస్టారు బస్సెక్కి షోరూముకు వచ్చారు. ఫోను రుమాల్లో చుట్టి తెచ్చారు.

"సిగ్నలే రావట్లేదమ్మా. రోడ్డు మీదికెళ్ళినా రావట్లేదు."

నంబరు కొట్టాను. స్క్రీను మీద నా పేరే వచ్చింది. దాని కింద, యజమాని కోరిక మీద రద్దయిందని ఉంది. సార్ల కాళ్ళావేళ్ళా పడ్డాను, పై ఆఫీసుకు మెయిళ్ళు పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. గడువు దాటింది, నంబరు ఇక వెనక్కి రాదు, కొన్నాళ్ళకు వేరేవాళ్ళకు ఇస్తాం అన్నారు.

మాస్టారితో మాత్రం, కంపెనీలు కలిసినప్పుడు పోయిందని చెప్పాను. అది అబద్ధం. ఆయన ఫోను మళ్ళీ రుమాల్లో చుట్టుకున్నారు. తర్వాత నా మొహం చూసి, "నువ్వేం చేస్తావమ్మా, పెద్ద కంపెనీలు. బాధపడకు," అన్నారు. ఆ మాటకు నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ నంబరుకు మొదట్లో రోజూ ఫోను చేసేదాన్ని. ఉపయోగంలో లేదని వచ్చేది. విసిగి కొన్నాళ్ళు మానేశాను, ఆలోగా రంజాన్ వచ్చి వెళ్ళింది. ఆ తర్వాత ఒకరోజు మళ్ళీ చేస్తే మోగింది. గుడివాడ వైపు చేపల చెరువుల దగ్గర పనిచేసే అతనెవరో ఎత్తాడు. సంగతి చెప్పగానే గుర్తుపట్టాడు.

"పండగనాడు ఒకావిడ చేసిందండీ. నేను హలో అనేలోపే మొదలెట్టేసింది. 'మీరు మాట్లాడకపోయినా ఈసారి నేను మాట్లాడతాను' అంది. నేను వేరే మనిషినండీ అన్నాను. తర్వాత 'నా ఫోను రాకూడదని నంబరు మార్చేసుకున్నారన్నమాట' అని పెట్టేసిందండీ."

ఆవిడ నంబరు అడిగాను. చిన్న ఫోనండీ, పాత కాల్స్ చెరిగిపోయాయి అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి జంక్షన్‌కు వెళ్ళాను. అంతా చెప్పేద్దామనే వెళ్ళాను. నా వేలితో నేనే తీసేశానని కూడా. మాస్టారు గుడ్డ కత్తిరిస్తున్నారు. నన్ను చూడగానే కత్తెర ఆపేశారు.

"మీ పాత నంబరు ఇప్పుడు గుడివాడ వైపు చేపల చెరువుల దగ్గర పనిచేసే అబ్బాయికి ఇచ్చారు. దానికి అమ్మాయి ఫోను చేసిందట మాస్టారూ," అన్నాను. "ఈసారి మాట్లాడిందట."

"మాట్లాడిందా?" అన్నారు. స్టూలు మీద కూర్చుండిపోయారు. నేను మిగతాది చెప్పబోయాను. ఆయన మొహం చూశాక చెప్పలేకపోయాను. ఆ మొహంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు.

"మాట్లాడిందంటే కోపం పోయినట్టేనమ్మా," అన్నారు. "వచ్చే పండక్కి మళ్ళీ చేస్తుంది. ఆ చెరువుల అబ్బాయికి నా కొత్త నంబరు ఇచ్చి ఉంచు."

ఇచ్చి ఉంచాను. ఆ తర్వాత రెండు పండగలు వెళ్ళిపోయాయి.