గారెలు పెట్టి పోగొట్టుకున్న డ్రైను

గోదావరికి వరదొస్తే జనం గోదావరిని తిట్టుకుంటారు. వానలు ముంచేస్తే వరుణదేవుణ్ణి తిట్టుకుంటారు. మా వీధిలోకి నీళ్ళొస్తే మాత్రం ఏళ్ళ తరబడి నన్నే తిట్టుకున్నారు. అందులో అన్యాయమేమీ లేదు. మా అమ్మతో సహా ఒక వీధి వీధినంతా ఒక్క పూటలో, అదీ గారెలు వండించి మరీ, నిండా ముంచినవాణ్ణి నేను. ఎలా ముంచానో చెబుతాను, నవ్వుకోండి. మీ ఊళ్ళో నాలాంటి ఉత్సాహవంతుడు ఎవరైనా ఉంటే వాడికీ కాస్త చదివి వినిపించండి, పుణ్యముంటుంది.

ఊరి పేరు చెప్పను. చెబితే మా వీధివాళ్ళు ఇప్పటికీ కర్రలు పట్టుకొస్తారు. కోనసీమలో ఓ చిన్న పట్నం అనుకోండి. కొత్తపేట నుంచి బస్సులో వచ్చేవాళ్ళకి కండక్టరు స్టాపు పేరు అరవక్కర్లేదు, అందరూ ముక్కు మూసుకున్న చోట దిగిపోతే సరిపోయేది. ఆ చోటే మా వీధి. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చేసింది గానీ డ్రైను మాత్రం రాలేదు. ఉన్నది పేరుకే డ్రైను. అందులో నీళ్ళు పారగా చూసినవాడు మా తాతగారి తరంలో కూడా లేడు. తాగి పడేసిన బొండాలు, చిరిగిన చెప్పులు, ఎవరి గేదెలదో పేడ, వీటన్నిటి మీదా దోమలు కాపురాలు చేసుకుంటూ సంతానాభివృద్ధి పొందుతుండేవి.

వీధి చివర, పల్లంలో, కామేశ్వరమ్మ మామ్మగారి ఇల్లు. ఒంటరి మనిషి. చుక్క వాన పడితే చాలు, వీధిలో నీళ్ళన్నీ చుట్టాల్లా నేరుగా ఆవిడ వంటింట్లోకే వెళ్ళేవి. ఎండాకాలంలో కూడా ఆ వంటింటి గడప తడారేది కాదు. పొయ్యి మునిగిపోయిన రోజున ఆవిడ అటుకులు నానబెట్టుకు తిని ఊరుకునేవారు.

"ఒరే సూరిబాబూ, డిగ్రీ చదివేవు. ఉద్యోగం ఎలాగూ లేదు. ఆ మునిసిపాలిటీ ఆఫీసోళ్ళతో మాట్లాడి ఈ డ్రైను సంగతేదో చూడరా నాయనా. ఇంకో వానాకాలం ఆ నీళ్ళలో నేను బతకలేను," అన్నారు ఓ రోజు.

ఉద్యోగం లేదన్న మాట గుచ్చుకుంది గానీ, మామ్మగారి కళ్ళలో నీళ్ళు చూసి నిజంగానే జాలేసింది. "మీకెందుకు మామ్మగారూ, నేను లేనా!" అన్నాను. ఈ 'నేను లేనా' అన్నవాడు ఎక్కడుంటే అక్కడ కొంపలు మునుగుతాయని అప్పటికి నాకు తెలియదు.

మర్నాటి నుంచి ఆఫీసు చుట్టూ తిరిగాను. ట్యూషను పిల్లల్ని కూడా గాలికొదిలేసి తిరిగాను. అప్పుడే కర్నూలు వైపు నుంచి ఓ కొత్త ఆఫీసరుగారు వచ్చారు. మాట సూటిగా ఉండే మనిషి, చుట్టూ తిప్పి చెప్పడం తెలియదు.

"చూడండి, ఈ ఏడు మీ పేటలో ఒక్క వీధికే డ్రైను కట్టే వీలుంది. మీ వీధీ అడుగుతోంది, మీ వెనక వీధీ అడుగుతోంది. ఆదివారం పొద్దున వచ్చి రెండూ చూస్తాను. ఎక్కడ ఎక్కువ అవస్థ ఉంటే అక్కడ కడతాం," అన్నారు.

"ఆయ్, తప్పకుండా రండి. మా ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్ళాలి మరి," అన్నాను.

చూశారా? డ్రైను చూడ్డానికి వస్తానన్న మనిషిని కాఫీకి పిలిచాను. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన నోరు, ఊరుకోమంటే ఊరుకోదు. పని అక్కడే చెడింది, నేను మాత్రం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

"అమ్మా! ఆదివారం ఆఫీసరుగారు మనింటికొస్తున్నారు!"

అమ్మ చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది. "మనింటికే? ఆ కంపులోంచి నడిపించుకొస్తావురా అంత పెద్దమనిషిని?"

"కంపు చూపించడానికే కదమ్మా పిలిచింది!"

"చూపించు, వద్దన్నానా. కాస్త శుభ్రం చేసి చూపించు."

"శుభ్రం చేశాక ఇంక చూపించడానికి ఏముంటుందమ్మా?"

"నోటితో చెప్పు. కాలేజీలో వక్తృత్వంలో కప్పు కొట్టేనన్నావు కదా. అయినా ఊరూ పేరూ తెలియని మనిషి మొదటిసారి గుమ్మంలోకొస్తుంటే బురద తొక్కిస్తావా? రేపు పొద్దున్న వెనక వీధోళ్ళు ఏమనుకుంటారు? మర్యాద తెలీనోళ్ళం అనుకోరూ?"

ఆ కప్పు మాటతో నేను పడిపోయాను. నిజమే, నోరున్నవాడికి కంపు చూపించాల్సిన ఖర్మేమిటి? రెండు ముక్కలు మాట్లాడితే ఆఫీసరుగారు కళ్ళు తుడుచుకుంటూ అక్కడికక్కడే సిమెంటు తెప్పించేస్తారు అనుకున్నాను.

కబురు వీధంతా పాకింది. శనివారం పొద్దున్నుంచీ మా వీధి పెళ్ళివారిల్లయిపోయింది. మగాళ్ళందరూ బకెట్లు పట్టుకుని డ్రైనులో నీళ్ళు తోడి దూరంగా పారబోశారు. రిక్షాల్లో ఇసుక వచ్చింది. డ్రైను మీద చెక్కలు పరిచి, వాటిమీద పచ్చి కొబ్బరాకులు అల్లి కప్పి, ఆ పైన ఇసుక పోసి, అక్కడక్కడ బంతిమొక్కల కుండీలు పెట్టాం. అక్కడొక డ్రైను ఉందని పుట్టి పెరిగిన నాకే అనుమానం వచ్చింది. ఈ కుండీల ఆలోచన ఎవరిదని అడగకండి. నాదే.

మస్కట్ నుంచి సెలవుకొచ్చిన పక్కింటి శ్రీనుబావ సెంటుసీసా తీసుకుని బయల్దేరాడు. "ఎంత కప్పినా కంపు తెలుస్తుంది బావా. ఆయ్, నాకొదిలెయ్యి," అని కొబ్బరాకుల సందుల్లోంచి డ్రైనులోకి సెంటు కొట్టాడు. మా దోమలు జన్మలో మొదటిసారి ఫారిన్ సరుకు చూశాయి.

ఆదివారం ఆఫీసరుగారు వచ్చేసరికి వీధి పొడుగునా ముగ్గులు. గుమ్మం గుమ్మంలోనూ చేతులు జోడించిన జనం. ఆయన అటూ ఇటూ చూసి, "ఈ వీధేనా?" అన్నారు నాతో.

"ఆయ్, ఇదేనండి. రండి, రండి, ఎండగా ఉంది."

కుర్చీ వేశాం. బొండం కొట్టి ఇచ్చాం. అమ్మ విస్తరి నిండా గారెలు పెట్టింది. ఆయన ఓ రెండు తిని, "చాలమ్మా, వద్దు," అన్నారు. అమ్మ ఇంకో రెండు వేసింది. "నిజంగానే వద్దమ్మా!" అన్నారాయన. అమ్మ మరో రెండు వేసి, పైన కొబ్బరిపచ్చడి కూడా వేసింది. మా వైపు వద్దంటే 'ఇంకొంచెం బతిమాలండి' అని అర్థం. రెండుసార్లు వద్దని, మూడోసారి 'సరే మీ మాట కాదనలేక' అనడం మాకు ఉగ్గుపాలతో పెట్టిన విద్య. పాపం ఆయనకి ఈ విద్య తెలియదు. వద్దంటే వద్దనే అనుకునే అమాయకపు దేశం నుంచి వచ్చారు.

ఎలాగో చెయ్యి కడుక్కుని, సూటిగా నాకేసి చూసి అడిగారు. "ఇప్పుడు చెప్పండి. మీ వీధిలో ఏమిటి ఇబ్బంది?"

మామ్మగారు అరుగు పక్కన నిలబడి నా నోటికేసే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకున్నాను. రాత్రంతా బట్టీపట్టిన ఉపన్యాసం నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో అడ్డమొచ్చింది మొహమాటం. అప్పుడే మనింట్లో గారెలు తిన్న మనిషి ముందు, ఆయన మూతి ఇంకా తుడుచుకోకుండానే, కష్టాలు ఏకరువు పెట్టడమా? ముందోసారి లేదని, ఆయన మళ్ళీ గట్టిగా అడిగాక చెబితే కదా అందం!

"అబ్బే... ఇబ్బందులేం ఉంటాయండి! తమ దయవల్ల బానే ఉన్నామండి, ఆయ్," అన్నాను మెలికలు తిరిగిపోతూ.

ఇప్పుడు ఆయన 'అదేంటండీ, ఫరవాలేదు చెప్పండి' అనాలి. నేను 'అంటే, చిన్నదేనండీ' అనాలి. ఆయన 'అయ్యో, మా దగ్గర మొహమాటమేంటి' అనాలి. అప్పుడు నేను విజృంభించాలి. పద్ధతి అది. మా పెళ్ళిళ్ళు, మా తగవులు, మా పొలం బేరాలు అన్నీ ఆ పద్ధతిలోనే నడిచాయి.

"చాలా సంతోషం," అన్నారు ఆయన.

అంతే. ఇంక అడగలేదు. నాకు కాళ్ళ కింద ఇసుక కదిలింది. ఆయన మామ్మగారి వైపు తిరిగారు. "పెద్దమ్మా, మీకేమైనా కష్టముందా?"

'చెప్పండి మామ్మగారూ, చెప్పండి' అని కళ్ళతో వేడుకున్నాను. ఆవిడ కొంగు నిండుగా కప్పుకుని, "నాకేం నాయనా, చల్లగా ఉన్నాను. నువ్వు బాగా ఎండనపడి వచ్చేవు, కాస్త మజ్జిగ పుచ్చుకో," అన్నారు.

నేను ఇంక ఆగలేక, "అంటేనండీ, కొంచెం డ్రైను..." అన్నాను.

"ఏ డ్రైను?" అంటూ ఆయన వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశారు. ఇసుక, ముగ్గులు, బంతిపూలు. గట్టిగా గాలి పీల్చారు. "అబ్బా, మీ వీధిలో ఏదో పూలవాసన! అన్ని వీధులూ ఇలా ఉంటే మాకు పనేముంది?" అని నా భుజం తట్టి లేచారు. శ్రీనుబావ మొహం గోడకేసి తిప్పేసుకున్నాడు.

ఆయన వద్దన్నప్పుడు నిజంగానే వద్దు, అమ్మ వినలేదు. నేను లేదన్నప్పుడు నిజంగా ఉంది, ఆయన విన్నారు. మొహమాటానికి పోతే ఏదో అయిందని పెద్దలు ఓ సామెత చెబుతారు. ఆడవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి పూర్తిగా రాయను. మాకు మాత్రం వరదొచ్చింది.

అక్కణ్ణించి ఆయన వెనక వీధికి వెళ్ళారు. అక్కడ పెద్దమనిషి కొబ్బరికాయల వ్యాపారం చేసే సత్యంగారు. ఆయన వారం ముందే వీధి ఊడవడం మాన్పించేశాడట. కుర్చీ వెయ్యలేదు, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇబ్బందేమిటని అడిగితే, "ఆయ్, చెప్పేదేముందండీ, ఇలా రండి," అని చెయ్యి పట్టుకుని డ్రైను మీద ఉన్న పుచ్చిపోయిన చెక్క మీదుగా నడిపించాడు. చెక్క తన ధర్మం తాను నిర్వర్తించింది. ఆఫీసరుగారు మోకాలిదాకా దిగారు. డ్రైను అక్కడికక్కడే, ఆయన కాలు బయటికి రాకముందే, మంజూరైపోయింది.

సాయంత్రం సత్యంగారు పనిగట్టుకుని మా వీధిలోకొచ్చాడు. "ఏం సూరిబాబుగారూ, మీ ఇంట్లో గారెలు అమోఘంటగా! మేం పేదోళ్ళం, ఏం పెట్టలేకపోయేమండి. పాపం, ఆయనే కాలు పెట్టి వెళ్ళేరు."

ఎత్తాల్సినప్పుడు ఎత్తని నోరు, ఇప్పుడెత్తి ఏం లాభం?

వీధి వీధంతా నా మీద పడింది. "కప్పు కొట్టేనన్నావు కదరా!" అని అమ్మ కూడా వాళ్ళతో కలిసిపోయింది. నేను ఏడుపు మొహంతో మామ్మగారి దగ్గరికి వెళ్ళి, "మీరైనా చెప్పొచ్చు కదండీ మామ్మగారూ, చల్లగా ఉన్నానంటారేంటి?" అన్నాను.

"నువ్వు చెబుతావనుకున్నాను గదరా. పెద్దముండాదాన్ని, కొత్తమనిషి ముందు నాకు మాత్రం మొహమాటం ఉండదూ?" అన్నారావిడ.

వానలకు ముందే వెనక వీధికి కొత్త డ్రైను వచ్చింది. నున్నటి సిమెంటు, అద్దంలా ఉంది. పారడం కూడా బ్రహ్మాండంగా పారింది. పల్లమెరుగు నీళ్ళు కదా, వెనక వీధి నీళ్ళు కూడా సరాసరి మా వీధిలోకే పారాయి. అంతకుముందు మా మురుగు ఒక్కటే మా దగ్గరుండేది. నా పుణ్యమా అని ఇరుగు పొరుగు మురుగు కూడా కలిసొచ్చింది. కొబ్బరాకులు తేలాయి, చెక్కలు తేలాయి, బంతిమొక్కల కుండీలు ఒకదాని వెనక ఒకటి ఊరేగింపుగా మామ్మగారింటికి వెళ్ళాయి.

గొడుగు పట్టుకుని నీళ్ళలో ఈడ్చుకుంటూ వెళ్ళాను. మామ్మగారు వంటింట్లో మంచం వేయించుకుని, దాని మీద మఠం వేసుకుని కూర్చుని ఉన్నారు. పొయ్యి ఎక్కడుందో కనబడలేదు. ఒళ్ళో గిన్నె, గిన్నెలో నానబెట్టిన అటుకులు. ఆవిణ్ణి అలా చూసి సిగ్గుతో తల దించుకున్నాను.

"మామ్మగారూ, తప్పైపోయిందండీ. మీరు చెప్పండి, ఏం చెయ్యమంటే అది చేస్తాను. మళ్ళీ ఆఫీసుకెళ్ళమంటారా? ధర్నా చెయ్యమంటారా?"

ఆవిడ అటుకులు తినడం ఆపి, నాకేసి జాలిగా చూశారు.

"అవన్నీ నీవల్ల కావు గానీ నాయనా, ఆ ఆఫీసరుగార్ని రోజూ పొద్దున్నే మనింటికి కాఫీకి పిలవరా. ఇన్నేళ్ళలో ఆయనొచ్చిన ఆ ఒక్క పూటే నా వంటిల్లు పొడిగా ఉంది."

మామ్మగారిని వీపు మీద ఎక్కించుకుని మా ఇంటికి తీసుకొచ్చాను. మా గుమ్మం ముందు ఆ మోకాటి లోతు నీళ్ళలో నిలబడే, తూర్పుకి తిరిగి, సూర్యుడు కనబడకపోయినా ఉన్నాడనుకుని, గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. బొందిలో ప్రాణం ఉండగా, డ్రైను చూడ్డానికొచ్చేవాడికి గారెలు పెట్టను. ఇబ్బందేమిటని అడిగినవాడికి మొదటిసారే, వాడు నోరు మూసేలోపు, చెప్పేస్తాను. ఈ ఒట్టుకి తిరుగులేదు. అందరూ ఒట్లు తీసి గట్టు మీద పెడతారు. నేను పెడదామన్నా, మా వీధిలో గట్టు కూడా మునిగిపోయింది.