పొగడ్త ఎరగని ఇంట్లో పర్మిట్ దరఖాస్తు

నా వర్క్ పర్మిట్ దరఖాస్తును తిరస్కరించామని మెయిల్ వచ్చేనాటికి మా గల్లీ మూల మీద నా ఫ్లెక్సీ కట్టి మూడు రోజులైంది. అందులో నేను పట్టుచీరలో నవ్వుతున్నాను, నా నెత్తి మీదుగా ఒక విమానం పోతోంది. కింద ‘విదేశాలకు వెళ్తున్న మా వదినమ్మకు శుభాకాంక్షలు’ అని చెయ్యెత్తు అక్షరాలు. మా ఆయన దోస్తులు ముచ్చటపడి కట్టించారు. పర్మిట్ రాకముందే ఎందుకయ్యా అంటే, “రాక ఏడికి వోతది వదినా” అన్నారు. రాలేదు.

నేను నిజామాబాద్‌లో ఒక మసాలా కంపెనీలో పసుపు చూస్తాను. మార్కెట్ యార్డు నుంచి వచ్చిన బస్తాలో చెయ్యి పెట్టి, ఒక కొమ్ము తీసి, చెవి దగ్గర పుటుక్కున విరుస్తాను. బాగా ఎండిన కొమ్ము గాజులు తగిలినట్టు మోగుతుంది. పచ్చిది మూలుగుతుంది. విరిగిన చోట రంగు చూసి ఎంత ఉడికిందో, వాసన చూసి కొత్తదో పాతదో చెబుతాను. ల్యాబులో మిషన్ అదే మాట చెప్పేసరికి నేను ఇంకో పది బస్తాలు చూసేసి ఉంటాను. ఐరోపాలో ఒక రేవు పట్టణంలో మా కంపెనీ గోదాం తెరిచి, అక్కడ దిగే సరుకు చూడటానికి నన్ను రెండేళ్లు బదిలీ చేస్తామంది. నలభై మూడేళ్లొచ్చినా నాందేడ్ దాటి ఎరగని దాన్ని. పోవాలని ఎంత ఉండేదో చెప్పలేను. చలికోటు వేసుకుని సముద్రం పక్కన నడుస్తున్నట్టు ఊహించుకుని, పప్పు మెదుపుతూ ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

అలాంటిది, ఈ పనికి ప్రత్యేక నైపుణ్యం అవసరమని తేలలేదు, అక్కడివాళ్లనే ఎవరినైనా పెట్టుకోవచ్చు అని ఆ మెయిల్లో రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది. అది రాసిన మనిషి చేతిలో ఒక పచ్చి కొమ్మూ ఒక ఎండు కొమ్మూ పెట్టి, ఏది ఏదో చెప్పు చూద్దాం అనాలనిపించింది. హైదరాబాద్ నుంచి కంపెనీ వకీలమ్మ ఫోన్ చేసేదాకా నా కోపం అలాగే ఉంది.

“దరఖాస్తులో ఏడో ప్రశ్నకు జవాబు మీరే రాశారా?” అని అడిగింది.

“అవునండీ. మీ మాటల్లోనే రాయమన్నారు కదా.”

“చదువుతాను, వినండి. ‘ఇందులో పెద్ద విద్యేమీ లేదు. మా దగ్గర అందరికీ వచ్చిన పనే. నాలుగు రోజులు పక్కన కూర్చుంటే ఎవరికైనా వస్తుంది.’”

మిగతా ఫారమంతా ఆఫీసువాళ్లు నింపారు. ఆ ఒక్క జవాబుతో మొత్తం ముంచింది నేనే. కానీ ఇంకేం రాస్తాను? మా వైపు ఎవరైనా కూర బాగుందంటే, ఏం బాగు, ఉప్పెక్కువైంది అనాలి. పిల్లకు మంచి మార్కులొచ్చాయంటే, ఏదో గట్టెక్కింది అనాలి. ఒప్పుకున్నామా, దిష్టి తగిలినట్టే. మా అత్తమ్మ అయితే ఈ విషయంలో అందరికంటే నాలుగాకులు ఎక్కువ చదివింది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టి ఇరవై ఒక్క ఏళ్లు. ఏం చేసినా ఆమెది ఒకటే మాట: “గదెంత పని, అందరికొస్తది.” నేను రాసింది ఆ మాటే, కాకపోతే ఇంగ్లీషులో రాశాను.

రెండు వారాల్లో మళ్లీ పరిశీలించమని అడగొచ్చట. పని చేస్తుంటే తీసిన వీడియో ఒకటి, నా పనితనం గురించి తెలిసినవాళ్ల మాట ఒకటి జతచెయ్యాలి. “అన్నిటికన్నా ముందు మీ గురించి మీరు గొప్పగా రాసివ్వండి” అంది వకీలమ్మ. మూడు రోజులు కూర్చుని ఒక్క వాక్యం రాసి పంపాను. ‘నేను బాగానే చేస్తానని కొందరు అంటారు.’ ఆమె వెంటనే ఫోన్ చేసి, “ఎవరంటారు?” అంది. ఎంత ఆలోచించినా ఒక్కరూ గుర్తు రాలేదు. నవ్వాపుకోలేక ఫోన్ మా ఆయనకిచ్చేశాను.

ఈలోగా అత్తమ్మ ఫ్లెక్సీ విప్పించేసింది. అంత పెద్ద బొమ్మ నలుగురి కళ్లలో పడితే పర్మిట్ ఎట్లొస్తుందని ఆమె వాదం. విప్పించినదాన్ని పారెయ్యకుండా మేడ మీద పరిచి, ఇంటి పసుపు ఎండబోసింది. నా బొట్టు మీద, విమానం రెక్కల మీద కొమ్ములు.

నేను మొహం వేలాడేసుకుని తిరగడం చూసి ఒకరోజు అడిగింది. “ఏమైంది పిల్లా?”

చెప్పాను. నా పనితనం తెలిసినవాళ్లెవరైనా నోరు తెరిచి చెప్పాలట అన్నాను.

“గంతేనా? మీదికి నడువు” అంది.

మేడ మీద నన్ను నా ఫ్లెక్సీ మీదే కూర్చోబెట్టి, పాత చీర పేలికతో కళ్లకు గంతలు కట్టింది. మా ఆయన ఫోన్‌తో వీడియో మొదలుపెట్టాడు. ఆమె ఇంట్లోకని వేల్పూర్ నుంచి, మాక్లూర్ నుంచి ముందే తెప్పించి పెట్టిన కొమ్ములు ఒక్కొక్కటే చేతికిచ్చింది. విరిచాను, విన్నాను, చెప్పాను. ఇది నిరుటిది. ఇది ఉడుకు తక్కువ. ఇది పైన ఎండింది గానీ లోపల తడుంది. కళ్లు మూసి ఉన్నందుకేమో, తప్పు చెబుతానన్న భయమే పోయింది. ఇంకోటియ్యి, ఇంకోటియ్యి అని నేనే తొందరపెట్టాను. చివరిది విరవగానే పసుపు వాసన వెనుక సన్నగా తీపి పొగ తగిలింది.

“ఇది నీదే అత్తమ్మా. బెల్లం వండే పెనంల ఉడకవెట్టినవు. చెరుకాకు మంట.”

గంతలు విప్పుకుని చూస్తే అత్తమ్మ ఫోన్ ముందు నిటారుగా నిలబడి ఉంది.

“నేను రుద్రూర్ల ముప్పై ఏండ్లు బెల్లం పాకం వట్టిన. చేతి పని ఏందో నాకెర్క. గీ పిల్ల చెయ్యసొంటి చెయ్యి నేను ఇంకోటి సూడలే” అంది. వెంటనే నా వైపు తిరిగి, “థూ థూ థూ” అని ఉమ్మింది.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఇరవై ఒక్క ఏళ్లు ఆ మాట ఎక్కడ దాచుకుందో.

వీడియోలోని ప్రతి మాటకూ, ప్రతి చేష్టకూ ఇంగ్లీషు అనువాదం జతచెయ్యాలన్నారు. అనువాదం చేసినాయన చాలా నిజాయితీపరుడు. ‘అత్తగారు కోడలి వైపు మూడుసార్లు ఉమ్మెను’ అని రాశాడు. వకీలమ్మ భయపడి, “ఆ ముక్క కత్తిరిద్దామా?” అంది.

“వద్దండీ. పొగడ్త ఉంచి ఉమ్మి తీసేస్తే దిష్టి తగుల్తుంది” అన్నాను. ఆమె చాలాసేపు నవ్వి, అలాగే పంపింది. దిష్టి అంటే ఏమిటో కింద ఒక పేరా కూడా చేర్చిందట.

నెల తిరక్కుండా పర్మిట్ వచ్చింది. నేను చెప్పులతోనే వంటింట్లోకి పరుగెత్తి అత్తమ్మను రెండు చేతులా పట్టుకుని గిరగిరా తిప్పాను.

“ఇడువు పిల్లా, కింద వడ్త” అంది. ఊపిరి తీసుకుని, కొంగు సర్దుకుంది. “గదెంత పని. అందరికొస్తది.”

ఆ మాట విని నేను ఇంకా గట్టిగా నవ్వాను. ఆమె గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు తీసుకుని నా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి బాగా ఉన్నట్టు లెక్క. క్షణంలో ఘాటు వంటిల్లంతా కమ్మేసింది. ఇద్దరం దగ్గీ దగ్గీ గోడకు ఆనుకున్నాం. ఆమె బుగ్గల మీదుగా నీళ్లు ధారకట్టాయి. తుడుచుకోలేదు.

“సూసినవా, కొంచెం గూడ ఘాటు లేదు” అంది. “ఎంత దిష్టి ఉండెనో.”

“అవునత్తమ్మా, ఘాటు అసలే లేదు” అన్నాను, దగ్గుతూ.