మిగులు సీట్ల వరసలో విల్మా

విల్మా ఓస్ట్రాండర్ న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఒక ప్రభుత్వ బడి వంటగదిలో పనిచేసేది. సెప్టెంబరు నుంచి జూన్ దాకా రోజూ నాలుగు వందల మంది పిల్లలకు మాకరోనీ, ఉడికించిన మొక్కజొన్న వడ్డించడం ఆమె పని. జూన్ ఆఖర్లో బడికి తాళం పడితే జీతానికీ తాళం పడేది. పెళ్ళి చేసుకోలేదు. సన్నీసైడ్‌లో రైలు వంతెన పక్కన రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. చేతిలో డబ్బు తక్కువ, ముందు పది వారాల ఖాళీ. సరిగ్గా అలాంటివాళ్ళ కోసమే మేం మిగులు సీట్లు అమ్మేవాళ్ళం.

నేను కెన్నెడీ విమానాశ్రయంలో విమానాలు అద్దెకు తీసుకుని నడిపే ఒక చార్టర్ కంపెనీ కౌంటర్లో పదకొండేళ్ళు పనిచేశాను. మా పద్ధతి చాలా తేలిక. బయల్దేరగలిగిన వారం ఏదో చెప్పి, ముందే డబ్బు కట్టి పేరు రాయించుకోవాలి. పేరుకో నంబరు ఇస్తాం. రోజూ సాయంత్రం విమానం బయల్దేరే గంట ముందు ఎన్ని సీట్లు మిగిలాయో చూసి నంబరు వరసన పిలుస్తాం. ఏ ఊరి విమానంలో మిగిలితే ఆ ఊరికే. పారిస్ అనుకున్నవాడు బ్రస్సెల్స్‌లో దిగుతాడు. ఈ రోజు రాకపోతే రేపు, రేపు కాకపోతే ఎల్లుండి. టికెట్ ధరలో మూడో వంతుకు వస్తుంది కాబట్టి ఎవరూ గొణిగేవారు కాదు. కనీసం మొదటి రెండు రోజులూ గొణిగేవారు కాదు.

విల్మా పదేళ్ళుగా ప్రతి జూలైలోనూ వచ్చేది. ఒక గోధుమరంగు సంచీ, మైనపు కాగితంలో చుట్టుకున్న గుడ్డు శాండ్విచ్చి, మెత్తటి బూట్లు. వరసలో కొత్తగా నిలబడ్డ కాలేజీ పిల్లలు ఆమె చుట్టూ చేరేవారు.

"మేం రోముకి వెళ్ళాలండీ," అంటుంది ఒక పిల్ల కంగారుగా.

"రోముకి టికెట్ కొనుక్కున్నవాళ్ళు రోముకి వెళ్తారు బంగారం. మనం విమానం ఎటు పోతే అటు పోతాం. అక్కడ నీకోసం ఎవరైనా కాచుక్కూర్చున్నారా?"

"లేరు."

"మరింకేం! రైళ్ళు లేవా? కాళ్ళు లేవా? కూర్చో, శాండ్విచ్చి తిను."

ఎవరైనా ముందుకు తోసుకుని నా దగ్గరికొచ్చి ఏడుపుముఖం పెడితే మాత్రం విల్మా ఊరుకునేది కాదు. "ఆ అమ్మాయిని వేధించకండయ్యా. నంబరంటే నంబరే. అందరికీ ఏదో ఒక గొడవ ఉంటుంది," అనేది. నాకు సగం పని తగ్గించేది. అందుకే నాకామె అంటే ఇష్టం.

ఎనభై ఆరులో ఒకసారి ఆమెకు లిస్బన్ విమానంలో సీటొచ్చింది. అక్కడినుంచి రైలెక్కి పోర్తోకి వెళ్ళి, నది దగ్గర ఒక చిన్న బసలో దిగింది. ఆ బస ఇదలీనా అనే ఆవిడది. వంటా ఆవిడదే. భారీ మనిషి, గచ్చు మీద ఇత్తడి బిందె ఈడ్చినట్టుండే గొంతు. మూడోరోజు ఆవిడ ఒక్కతే పాతికమందికి వండలేక సతమతమవుతుంటే, విల్మా లోపలికెళ్ళి అడక్కుండానే బంగాళాదుంపలు చెక్కు తీయడం మొదలుపెట్టిందట. అంతే, ఆనాటి నుంచి ఏ ఊళ్ళో దిగినా సరే, సెలవుల చివరి పది రోజులూ ఆ వంటగదిలోనే గడిపేది.

"నీకు పోర్చుగీసు వచ్చా?" అని అడిగాను ఒకసారి.

"ముక్క రాదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు."

"మరేం మాట్లాడుకుంటారు?"

"ఏమో బెర్నీస్. పొయ్యి ముందు నిలబడిందంటే నోరు మూయదు. ఎవర్ని తిడుతోందో తెలుస్తుంది. ఎందుకో తెలీదు." అని పకపకా నవ్వింది. "నేనూ మా హెడ్మాస్టరు గురించి చెప్తాను. ఆవిడ కూడా తిట్టిపోస్తుంది. ఎవర్నో మరి!"

తొంభై ఆరు జూన్ చివర్లో విల్మాకు ఉత్తరం వచ్చింది. ఇదలీనాకు చదువు రాదు. ఆమె మేనకోడలు గ్రాసా బడిలో నేర్చిన ఇంగ్లీషులో రాసింది. అత్తయ్య గొంతులో పుండు పడింది, జూలై పదహారు మంగళవారం స్వరపేటిక తీసేస్తారు, ప్రాణానికి భయం లేదంటున్నారు, కానీ ఆ తర్వాత మాట ఉండదు. మాట పోకముందే నువ్వు రావాలట. నీకేదో చెప్పాలట. నాకు చెప్పమంటే చెప్పడం లేదు.

ఆ ఉత్తరం పట్టుకుని విల్మా మా దగ్గర పేరు రాయించుకుంది. ఆలస్యమైపోయింది. జూలై మొదటి వారానికి పేర్లెప్పుడో నిండిపోయాయి. తొమ్మిదో తారీకు మంగళవారం నుంచి మొదలయ్యే వారంలో, నంబరు ముప్ఫై ఒకటి దొరికింది. మామూలు విమానంలో వెళ్దామంటే, వారం ముందు కొనే టికెట్ ఆమె రెండు నెలల జీతం. వేసవిలో ఆ జీతమూ లేదు. చెల్లెలున్నది ఒహాయోలో, ఆమెకే గడవదు. నా దగ్గరా అంత లేదు. ఉంటే ఇచ్చేదాన్నని ఇప్పుడు అనుకోవడం సులువే.

"అక్కడ అనువాదం చేసేదెవరు? ఆవిడ మేనకోడలికి కూడా చెప్పనంటోందిగా," అన్నాను.

"అర్థం కాకపోతే పోయె. ఎప్పుడైనా అర్థమైందా ఏమిటి? ఆవిడ చెప్తుంటే నేను ఎదురుగా ఉండాలి. అంతే."

పదేళ్ళలో మొదటిసారి ఆమెకు ఒక ఊరూ ఒక తేదీ అవసరమయ్యాయి. మా దగ్గర ఆ రెండూ తప్ప అన్నీ దొరికేవి.

మంగళవారం మాడ్రిడ్ విమానంలో నాలుగు సీట్లు మిగిలాయి. ఇరవై మూడో నంబరు దాకా వచ్చి ఆగింది. బుధవారం బ్రస్సెల్స్‌కి అయిదు. ఇరవై ఎనిమిది దాకా. విల్మా రోజూ మధ్యాహ్నమే వచ్చి అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. కొత్త పిల్లలతో మాట్లాడటం మానేసింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని మా వెనకున్న బోర్డు కేసి చూస్తూ ఉండేది.

గురువారం లిస్బన్ విమానం. వారానికి ఒక్కటే. ఇరవై తొమ్మిదో నంబరువాడు విసుగెత్తి డబ్బు వాపసు తీసుకుని వెళ్ళిపోయాడు. ముప్ఫై నంబరు మీద ఇద్దరు, ఎల్డన్, రాయిస్ అని అన్నదమ్ములు. పాతికేళ్ళ లోపువాళ్ళు, వీపున పెద్ద పెద్ద సంచులు. ఆ తర్వాత విల్మా.

సీట్లు రెండే మిగిలాయి.

విల్మా దగ్గరికి వెళ్ళి గుసగుసగా చెప్పాను. "ఆ పిల్లల్ని అడుగు. వాళ్ళకి లిస్బన్ అయితేనేం, మాడ్రిడ్ అయితేనేం. సంగతి చెప్పు, కాదనరు."

"అడగను."

"విల్మా, వినవేం!"

"పదేళ్ళుగా ఇక్కడ నిలబడి అందరికీ నంబరంటే నంబరని చెప్పాను. ఇవాళ నాకొచ్చేసరికి మారిపోతుందా? నువ్వూ అడగొద్దు."

నేను విన్లేదు. కౌంటర్ దగ్గరికి తిరిగొచ్చి, ఆ పిల్లలు పాస్‌పోర్టులు నా ముందు పెడుతుంటే మొత్తం చెప్పేశాను. ఉత్తరం సంగతీ, ఆపరేషన్ సంగతీ. పెద్దవాడు ఎల్డన్ ముఖం మెత్తబడింది. "అయ్యో, ఆవిణ్ణి వెళ్ళనీండి. ఒరేయ్, నువ్వూ వెళ్ళు. నేను రేపు వస్తా."

"రేపంటే ఎప్పుడు? ఎక్కడికి?" అన్నాడు రాయిస్. "నువ్వు ఏథెన్స్‌లో దిగితే నేను లిస్బన్‌లో ఏం చెయ్యాలి? వెళ్తే ఇద్దరం, లేకపోతే లేదు."

"అయితే ఇద్దరం ఆగుదాం."

"పొద్దున ఫోన్లో అమ్మ ఏమంది? ఇంకా ఆగకుండా ఇవాళే వెళ్ళిపొమ్మనలేదూ?"

"అమ్మ సంగతి తర్వాత రా! అక్కడ ఆ పెద్దావిడ..."

"నాకు తెలీదనుకున్నావా? నేనేమన్నా రాక్షసుణ్ణా?" రాయిస్ కళ్ళలో నీళ్ళు. విల్మా లేచి వచ్చింది. "వెళ్ళండి నాయనా, మీరు వెళ్ళండి. ఈ అమ్మాయి మాట పట్టించుకోకండి," అంటూ వాళ్ళిద్దర్నీ ముందుకు తోస్తోంది. వాళ్ళేమో కదలరు. ఎల్డన్ ఆమె సంచీ తీసుకుని కౌంటర్ మీద పెట్టాడు. ఆమె కిందికి దించింది. నేను ఎవరి పేరు కొట్టాలో తెలియక కీబోర్డు మీద వేళ్ళు పెట్టి నిలబడ్డాను.

కంప్యూటర్ తెర ఎర్రబడింది. మా పైఅధికారి లాక్‌రిడ్జ్ వెనక నుంచి వచ్చి, "తలుపు మూసేశారు బెర్నీస్. ఏం చేస్తున్నావు?" అన్నాడు. బతిమాలాను. గేటుకి ఫోన్ చేశాడు. ఆయన మంచివాడే, చేశాడు. మెట్లు లాగేశారన్నారు.

ఆ సాయంత్రం లిస్బన్ విమానం రెండు ఖాళీ సీట్లతో వెళ్ళింది.

విల్మా సంచీ భుజాన వేసుకుంది. ఆ పిల్లల దగ్గరికెళ్ళి క్షమించమని అడిగింది. ఎల్డన్ తల దించుకుని కూర్చున్నాడు. రాయిస్ గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. వాళ్ళకి ఆమె తన శాండ్విచ్చి సగం చేసి ఇచ్చింది. వాళ్ళు తిన్లేదు.

శుక్రవారం విమానాలన్నీ నిండుగా వెళ్ళాయి. శనివారం రెండు సీట్లు మిగిలితే అన్నదమ్ములకు వెళ్ళాయి, ఏథెన్స్‌కి. వెళ్ళే ముందు ఇద్దరూ విల్మాను కావలించుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి విల్మా నా దగ్గరికొచ్చి, "ఫోన్ చేద్దామనుకుంటున్నా," అంది. పోర్తోలో అప్పుడు రాత్రి భోజనాల వేళ. ఫోన్ కార్డు కొనుక్కుంది. నాకు భోజన విరామం, పక్కనే నిలబడ్డాను. మామూలుగా గ్రాసా తీసి మాట్లాడేదట. ఆ రోజు గ్రాసా ఆసుపత్రి కాగితాల పని మీద బంధువుల ఇంటికి వెళ్ళింది. ఫోన్ ఇదలీనా తీసింది.

"ఇదలీనా! నేను, విల్మా! విల్మా!"

అవతల ఆ గొంతు నాకూ వినిపించింది. బొంగురుపోయి, గాలి ఎక్కువా మాట తక్కువగా. విల్మా పేరు రెండుసార్లు పలికింది. తర్వాత మొదలుపెట్టింది. ఆగకుండా, నెమ్మదిగా, మధ్యమధ్య దగ్గుతూ చెప్పుకుపోతోంది. విల్మా రిసీవర్‌ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఆవిడ చెప్పాలనుకున్నది ఇప్పుడే చెప్పేస్తోందని నాకు తట్టింది. వెంటనే పరిగెత్తాను. చక్రాల కుర్చీలు తోసే వాల్దిర్ బ్రెజిల్‌వాడు, అదే భాష. అతను ఆ చివర మరుగుదొడ్ల దగ్గర ఒక ముసలాయన్ని దింపుతున్నాడు. "వాల్దిర్! రా, రా, తర్వాత చెప్తా!" అని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ముసలాయన వెనకనుంచి అరుస్తున్నాడు. మేం చేరగానే విల్మా రిసీవర్ అతని చెవికి ఆనించింది. అతను విన్నాడు. నోరు తెరిచి ఏదో అనబోయాడు. ఆగిపోయాడు.

"కార్డు అయిపోయింది," అన్నాడు.

"ఏం చెప్పింది? ఏమన్నా విన్నావా?"

"చివరిమాటే విన్నానమ్మా. 'అర్థమైందా నీకు?' అని అడిగింది. అంతే."

ఇంకో కార్డు కొని మళ్ళీ చేశాం. వాల్దిర్ కూడా నిలబడ్డాడు, ముసలాయన తిట్లు పడుతూనే. ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ తీయలేదు. మర్నాడు చేస్తే గ్రాసా తీసింది. అత్తయ్యని రాత్రే ఆసుపత్రిలో చేర్చామంది. అక్కడ ఫోన్ లేదంది.

ఆదివారం కూడా విమానాలు నిండుగానే వెళ్ళాయి. సోమవారం సాయంత్రం బ్రస్సెల్స్ విమానంలో ఒక్క సీటు మిగిలింది. ముప్ఫై ఒకటని పిలిచాను. విల్మా సంచీ భుజాన వేసుకుని వచ్చి, పాస్‌పోర్టు ఇచ్చి, "బ్రస్సెల్స్ నుంచి పోర్తోకి ఎన్ని గంటలు?" అని అడిగింది. ఆమెకి తెలుసు. నాకూ తెలుసు. మంగళవారం పొద్దున దిగి, పారిస్‌లో ఒక రైలూ సరిహద్దులో ఇంకో రైలూ మారితే బుధవారం రాత్రి అవుతుంది. చేయి పట్టుకున్నాను. విడిపించుకుని వెళ్ళింది.

తర్వాత ఏమైందో ఆమే చెప్పింది, సెప్టెంబరులో ఒక శనివారం నా దగ్గరికి వచ్చి. రైల్లో మంగళవారం పొద్దున ఆపరేషన్ వేళ పది గంటలు దాటుతుంటే గడియారం తీసి సంచీలో పడేసిందట. ఆసుపత్రికి చేరేసరికి ఇదలీనా మెడకు గుడ్డలు చుట్టి, గొంతులో గొట్టం పెట్టి ఉంది. చూసి చెయ్యి చాపింది. పదిహేను రోజులు విల్మా పగలు మంచం పక్కన, సాయంత్రం బసలో వంట దగ్గర. ఇదలీనా ఇంటికొచ్చాక ఒక రోజు గ్రాసా చేత అడిగించింది, ఆ రోజు ఫోన్లో ఏం చెప్పావని.

"ఏమంది?"

"పెదాలు కదిపింది కాసేపు. గ్రాసాకి అంతుబట్టలేదు. 'అత్తయ్యా, మెల్లగా' అంది. మళ్ళీ కదిపింది. తర్వాత చేత్తో ఇలా అంది." విల్మా గాలిలో ఈగను తోలినట్టు చెయ్యి ఊపింది. "పోనీలే అన్నట్టు. చెప్పేసింది కాబట్టి పోనీలేనో, చెప్పలేను కాబట్టి పోనీలేనో... నాకు తెలీలేదు. మళ్ళీ అడగడానికి మనసు రాలేదు."

అప్పుడు నేను రెండు నెలలుగా మోస్తున్నది బయటపెట్టాను. "గురువారం నేను నోరు మూసుకుని ఉంటే..."

"మూసుకుని ఉంటే ఆ పిల్లలు వెళ్ళేవాళ్ళు. నేను అప్పుడూ వెళ్ళేదాన్ని కాదుగా బెర్నీస్."

ఆమె చెప్పిన లెక్క సరైనదే. కానీ వాళ్ళు తగువాడుకుంటున్నప్పుడు, ఒక్క నిమిషం, విల్మా ముఖంలో ఆశ కనబడింది. అది నేను పుట్టించినదే. ఆ సంగతి ఆమెతో అనలేదు.

ఇదలీనా ఇంకో మూడేళ్ళు బతికింది. విల్మా ఆ మూడేళ్ళూ జనవరిలోనే తేదీ వేయించుకుని టికెట్ కొనేది. దానికోసం శనివారాలు ఒక బేకరీలో పనికి కుదిరింది. నిశ్శబ్దంగా ఉన్న ఆ వంటగదిలో తానొక్కతే మాట్లాడటం మొదట్లో సిగ్గుగా ఉండేదట. రెండో ఏడు అలవాటైందంది. తొంభై తొమ్మిది అక్టోబరులో గ్రాసా నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి అంత్యక్రియలు అయిపోయి పదకొండు రోజులు. విల్మా ఆ ఉత్తరం నాకు చూపించి, మడిచి కోటు జేబులో పెట్టుకుని, పిల్లల భోజనాల వేళవుతోందని బస్సెక్కి వెళ్ళిపోయింది.