మస్తాన్ సారు రాజీనామాలు

జిరాక్సు యంత్రంలోంచి వచ్చిన వేడి కాగితం వాసన తగిలితే చాలు, సౌదీలోని జెద్దాలో నేను పాఠాలు చెప్పిన బడి, లెక్కల మస్తాన్ సారు గుర్తొస్తారు. వెంటనే అక్కడ జరిగింది తలచుకుని ఒళ్ళు మండుతుంది. కోతలరాయుడినని నాకు పేరుంది కానీ, ఇందులో కోత ఒక్కటే ఉంది. అదెక్కడో నేనే చెబుతాను. ఏటా వేసవి సెలవులకు ముందు టీచర్లందరినీ జిరాక్సు యంత్రం ఉన్న గదిలో కూర్చోబెట్టి, ఎవరి దస్తూరీతో వారిచేత రాజీనామా రాయించేవారు. సెలవులయ్యాక కొత్త నియామకం. కడప నుంచి వచ్చిన మస్తాన్ సారు పదిహేడేళ్ళు పాఠం చెప్పి కూడా ఏటా కొత్త టీచరే.

ఉద్యోగాల్లో సౌదీలకు వాటా ఇవ్వాలనే నితాఖత్ వచ్చి, విదేశీయుల మీద లెవీ పన్నులు పెరిగిన రోజుల్లో ఒక ఏడు ఆయనకు కొత్త నియామకం ఇవ్వలేదు. "మేం తీసెయ్యలేదు, ఆయనే మానేశారు" అంది బడి నడిపే కమిటీ. యూనియన్ పెట్టుకునే దేశం కాదది. అయినా ఇరవైమంది టీచర్లం కమిటీ దగ్గరికి కలిసే వెళ్ళాం. "ఒక్కొక్కరే రండి" అన్నాడు ఛైర్మన్.

"రాయించేటప్పుడు అందర్నీ కలిపే కూర్చోబెట్టినారు గదా సార్" అన్నారు మస్తాన్ సారు. ఆయనొక్కడికి ఉద్యోగం ఇస్తామన్నారు. "నాకొక్కనికైతే వద్దు. వచ్చే ఏడు ఇంకొకరికి ఇదే గతి" అన్నారు. చివరికి రెండు పక్షాలూ ఒప్పుకున్న ఒక పెద్దాయన, వృత్తికి ఇంజనీరు, తీర్పరిగా కూర్చున్నారు.

అక్కడే నేను నోరు జారాను. "రాజీనామా రాస్తుంటే సారు కండ్లనీళ్ళకు కాగితం తడిసిపోయింది, నా రుమాలుతోనే అద్దిన" అన్నాను. ఛైర్మన్ నవ్వుతూ ఆ కాగితం తీసి బల్లమీద పెట్టాడు. సిరా ఎక్కడా చెదరలేదు. "మిగతావీ ఇలాంటివేనా?" అన్నారు పెద్దాయన.

మస్తాన్ సారు సంచిలోంచి టైమ్‌టేబుల్ తీశారు. ఏటా దాన్ని తయారుచేసేది ఆయనే. "ఈయప్ప మాట పక్కన పెట్టండి సార్. ఇది సెలవుల తర్వాతది. రాజీనామాలకు వారం ముందే ప్రిన్సిపాల్ సంతకం పెట్టినారు. పదో తరగతి, మొదటి పీరియడ్, నా పేరు. మానేసేటోనికి పీరియడ్ ఎట్ల ఇచ్చినారు?"

పెద్దాయన ఆ సంతకం కింది తేదీ చూశారు. సారును తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని, కారణం చూపకుండా ఎవర్నీ తీయకూడదని, ఇక రాజీనామాలు రాయించకూడదని తీర్పు వచ్చింది. పిల్లలచేత నిజాయితీ మీద వ్యాసాలు రాయించిన పెద్దమనుషులే, ఒక టీచరుచేత పదిహేడుసార్లు అబద్ధం రాయించారు!

బయటికొచ్చాక మస్తాన్ సారు నాతో "నీ కన్నీళ్ళలో నన్ను ముంచేస్తివి గదయ్యా" అన్నారు.

"జర ఉప్పూకారం వేద్దామనుకున్న సార్."

"నోటితో ఎన్నన్నా చెప్పుకో. కాగితం మీద జరిగిందే రాయి. నేను జరగంది రాసే ఈ గతికొస్తిని."

నేటికీ ఎవరైనా "ఊరికే ఫార్మాలిటీ, సంతకం పెట్టండి" అంటే కుర్చీ లాక్కుని కూర్చుంటాను. మొదటి అక్షరం నుంచి చదువుతాను. జరగని మాట ఒక్కటున్నా తిరిగిచ్చేస్తాను. వాళ్ళు కోపంగా చూస్తారు. చూడనీ.